రెండో సీసా

మస్సావాలో తెల్లారకముందే ముప్పై నాలుగు డిగ్రీలు.
సముద్రం పక్కనే ఉంది, తాగడానికి పనికిరాకుండా.
లెత్తెబ్రహన్ సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి
చక్రం తిప్పింది, ఆపింది, మళ్ళీ తిప్పింది.
ఒక సీసానా, రెండా?
తెకెస్తె అడిగితే నీళ్ళు నమిలింది.

అస్మరా ఇక్కణ్ణించి నూట పదిహేను కిలోమీటర్లు,
చాలామటుకు పైకే.
అర లీటరంటే అర కిలో.
బయల్దేరినప్పుడు అది సామాను.
నెఫాసిత్ దాటాక చుట్టం.
అర్బరోబా వంపుల్లో, వీపెక్కి కూర్చుని
దిగమంటే దిగని మేనమామ.

సాధన రోజుల్లో ఈ గొడవ లేదు.
వీపున సంచీ, సంచీలో రెండు లీటర్లు,
భుజం మీంచి నోటిదాకా గొట్టం,
అది చాలక చట్రానికి రెండు సీసాలు,
ఒకదాంట్లో ఉప్పూ చక్కెరా నిమ్మరసం.
సంచీ కింద వీపు ఉడికిపోయేది,
చొక్కా విప్పి పిండితే ఇంకో సీసా నిండేది.
తరిమేవాళ్ళు లేరు గనక బరువూ సాధనే అనుకుంది.
దాహం వెయ్యకముందే తాగడం
నేర్చుకోడానికి ఏడు నెలలు పట్టింది.
దాహం ఎప్పుడూ అరగంట ఆలస్యంగా వస్తుంది,
వచ్చాక బతిమాలినా పోదు.

పందెంలో సంచీ కుదరదు, గాలికి అడ్డం.

తెకెస్తెకి డెబ్భై మూడేళ్ళు.
కుర్రతనంలో అతనివి అల్యూమినియం సీసాలు,
అప్పటికే ఎవరో వాడి పారేసినవి,
హ్యాండిల్ మీద జంటగా, బెండు బిరడాలతో,
కావడిని ముందుకి కట్టుకున్నట్టు.
గతుకొస్తే బిరడా ఎగిరి పళ్ళకి తగిలేది.
రుజువుగా విరిగిన ముందుపన్ను చూపిస్తాడు,
అడగకపోయినా.

తిగ్రిన్యాలో నీళ్ళని మై అంటారు.
నా తెలుగు చెవికి అది ఒళ్ళు అని వినబడింది.
ఇక విడదీయలేకపోయాను:
మై ఎంతని మొయ్యగలదు మైని?

చివరికి ఒకటే పెట్టుకుంది.
రెండో సీసాకి నీళ్ళొదిలేసింది.
ఖాళీ గూడు రోడ్డు పొడుగునా టకటకమంది.

దొగాలి దగ్గర ఇసుకగాలి.
గహ్తెలాయ్‌లో జట్టుకారు హారన్ కొట్టింది, ఆమె వంతని.
గెలవాల్సింది సెనాయిత్ అని రాత్రే తేలిపోయింది.
లెత్తెబ్రహన్ వెనక్కి జారి
కిటికీలోంచి ఆరు సీసాలందుకుంది.
మూడు వెనక జేబుల్లో, రెండు చొక్కాలో,
ఆరోది, కావాలని ఖాళీగా ఉంచిన ఆ గూట్లో.
పొట్ట ముందుకొచ్చింది.
ఒంటెల కుర్రాడు వేలెత్తి చూపించి నవ్వాడు.
అవును, నీళ్ళోసుకుంది.
అర కిలోకి రాత్రంతా లెక్కలేసిన పిల్ల
మూడు కిలోలతో, నెలలు నిండినదానిలా
గుంపులోకి తొక్కుకుంటూ వచ్చింది.

సెనాయిత్ ఒకటి తీసుకుని సగం నెత్తిన కుమ్మరించుకుని
మిగతాది రోడ్డుకి విసిరేసింది.
దొర్లిపోతున్న సీసాని లెత్తెబ్రహన్
తిరిగి తిరిగి చూసింది. అంతే.
గిందాలో ఆడవాళ్ళు బకెట్లతో చల్లారు, ఈలలు వేశారు.
నెఫాసిత్ తర్వాత మబ్బు దిగింది.
చలి. పళ్ళు టకటకమన్నాయి, గూటి బదులు.
ఇక నీళ్ళెవరికీ వద్దు.
ఆరో సీసా మిగిలిపోయింది.

పారెయ్యొచ్చు. అందరూ పారేస్తారు.
వంపు వంపుకీ దానిమీద చెయ్యి వేసింది,
తీసింది.

ఇరవైమూడో స్థానం.
సెనాయిత్ ఎక్కడో ముందు, పూలదండలో.
తెకెస్తె సైకిల్ పట్టుకుని ముందు గూడు చూశాడు.
మూత కూడా తియ్యలేదు.
"దీన్నెందుకు మోశావే కొండంతా?"
"గూడు ఖాళీగా ఉంటే మోత పెడుతోంది."

అతను మూత తిప్పి ఎత్తిపెట్టుకుని తాగాడు,
మస్సావాలో చీకట్లో తను నింపిన నీళ్ళే.
సగం తాగి ఆమెకిచ్చాడు.
అడుగున ఇంకా కాస్త వెచ్చగానే ఉన్నాయి.