ఆదివారం పద్దు

నాలుగూ యాభైకి ఏడురోడ్ల కూడలిలో
మున్సిపాలిటీ చీపుళ్ల చప్పుడొక్కటే.
చున్నీని నడుముకి బిగించి ముడేసుకుని హైమావతి,
టార్చిలైటుని హ్యాండిల్‌కి పురికొసతో కట్టుకుని తవిటమ్మ,
వెనక క్యారేజీ మీద ఇడ్లీల డబ్బాతో మెహరున్నీసా.
"ముప్ఫై కిలోమీటర్లకి పదహారు ఇడ్లీలు,
లెక్క సరిపోద్దా అప్పా?"

నాది, మా అమ్మాయికి తొమ్మిదో తరగతిలో
బళ్లో ఇచ్చిన సైకిలు.
తనిప్పుడు డిగ్రీ రెండో ఏడు.
ముందు బుట్ట మీద తన పేరింకా ఉంది
తెల్లరంగులో, సగం రాలి.
దారిలో ఎవరైనా అది చదివి
నన్ను ఆ పేరుతో పిలిస్తే
పలుకుతాను.

వారమంతా సొసైటీలో
యూరియా బస్తాలు లెక్కరాసే మనిషిని కదా,
ఈ పద్దు కూడా నాకే అప్పగించారు.
ఎడమవైపు తేదీ, కుడివైపు కిలోమీటర్లు,
మధ్యలో వెడల్పాటి ఖాళీ.
అందులో ఏం రాయాలో
మొదట్లో ఎవరికీ తోచలేదు.

హైమావతి: టెక్కలి వెళ్లి వచ్చింది. నూరు.
మర్నాడు బళ్లో కుర్చీ ముట్టకుండా
సాయంత్రం దాకా నిలబడే పాఠాలు చెప్పిందట.
ఎంత శ్రద్ధో అని హెడ్మాస్టరు మెచ్చుకున్నారట.

మెహరున్నీసా: గార దగ్గర పంక్చరు.
ఎవరిదో గేదెల తొట్టిలో ట్యూబు ముంచి
చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి,
బుడగ కనబడగానే
జాతరలో తప్పిపోయిన పిల్ల దొరికినట్టు అరిచింది.
గేదె నీళ్లు తాగడం మానేసి చూసింది.

తవిటమ్మ: ఒక చెయ్యి వదిలింది.

దీనికి ఒక పేజీ పట్టింది నాకు.
మూడు నెలలు ఆవిడ హ్యాండిల్ని
సూదేసేటప్పుడు పసివాడి కాలు పట్టుకున్నట్టు పట్టుకుంది.
ముక్కు తుడుచుకోవాలన్నా దిగేది.
ఊరికి నర్సమ్మ, ఎన్ని కాన్పులు చూసిందో,
తారురోడ్డు మీద మాత్రం చేతులు చెమటలు.
ఆ రోజు సింగుపురం మలుపులో
కుడిచెయ్యి మెల్లిగా లేచింది,
భుజం దాకా, తిన్నగా, వేళ్లన్నీ విప్పుకుని.
వెనక ఇసుక లారీ
బుస్సుమని ఆగింది.
"ఓలమ్మ! నా సేతికి లారీ ఆగిపోనాదే!"
సరుగుడు తోటలు దాటినా
ఆ చెయ్యి దించలేదు.

దారిలో మోటారు సైకిలు మీద ఇద్దరు కుర్రాళ్లు,
"పెట్రోలుకి డబ్బుల్నేవేటి మేడమ్?"
తవిటమ్మే జవాబు: "ఉన్నాయిరా నాన్నా,
నీకేటైనా కావాలేటి?"

కళింగపట్నంలో గాలి ఎప్పుడూ ఎదురే.
చివరి రెండు కిలోమీటర్లు
లైట్‌హౌసు దగ్గరికి రాదు, దూరం పోదు,
అక్కడే నిలబడి మనల్ని చూస్తుంటుంది.
ఇసకలో కూర్చుని ఇడ్లీలు తింటుంటే
ఖాళీ చేపల గంప చంకనెట్టుకుని ఒకామె ఆగింది.
"ఏటి పనిమీదొచ్చినారు?"
"ఊరికే."
"ఊరికేనా?"
ఆ మాటని నోట్లో కాసేపు నానబెట్టుకుంది.
గంప కిందపెట్టి, నా సైకిలు దగ్గరకొచ్చి,
చేపపొలుసు అంటిన వేలితో
గంట కొట్టింది.
ఇంకోసారి.
సముద్రం వైపు చూసి ఇంకోసారి.

పేరు: అడగలేదు.
కిలోమీటర్లు: సున్నా.
మధ్య ఖాళీలో: మూడుసార్లు.

ఇక నా వరస.
పోయిన ఆదివారం అందరూ విడిపోయాక
మా సందు మలుపు వచ్చింది.
బియ్యం కడిగి పెట్టాలి, నీళ్ల మోటారు వెయ్యాలి,
అన్నీ గుర్తున్నాయి.
కాళ్లు ఆగలేదు.
మలుపు దాటిపోయాను.
డే అండ్ నైట్ కూడలి చుట్టి,
ఇంకా షట్టర్లు తియ్యని కొట్ల ముందు నుంచి
ఎవరికీ చెప్పని పదకొండు నిమిషాలు.

చక్రానికి కట్టిన మీటరుకీ పుస్తకానికీ
మూడు కిలోమీటర్లు తేడా వస్తోంది.
సొసైటీలో మూడు రూపాయలు తేడా వస్తే
రాత్రి తొమ్మిదైనా లేవను నేను.

ఇది మాత్రం ఉండనీ.