మూడో ర్యాక్, కింది అర

శనివారం పదింటికి
ఎగ్మోరులో ఆ వెనకవైపు గోదాము తాళం తీస్తారు.
ముందు వాసన బయటికొస్తుంది,
తర్వాతే మేం లోపలికి వెళ్తాం.
తడిసి ఆరిన అట్ట, కలరా ఉండలు, ఎలుకలు,
వీటన్నిటి కిందా ఎక్కడో, మట్టి.

మేం నలుగురం. జీతం లేదు.
టీ ఉంది, మాస్కు ఉంది,
తలా ఒక మెత్తని బ్రష్షు ఉంది.
పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రిటైరైన దేవసహాయం
తూకం దగ్గర కూర్చుంటాడు.
పెంకు పళ్ళెంలో పెట్టి
బంగారం కొట్టులో లాగా ఊపిరి బిగబడతాడు.
హంసవేణి కుట్టుమిషన్ మనిషి.
కొత్త సంచులకి ఈ జిప్పులెందుకు, నాడాలు చాలవా అని
మొదటి రోజే తగువు పెట్టుకుంది, ఓడిపోయింది.
ఇప్పటికీ ప్రతి సంచీ మూస్తూ
"ఎంత అనాకారి మూతో" అంటుంది.

తిలకవతి మేడం ముందే చెప్పారు:
కడగొద్దు. అతికించొద్దు. కథలు చెప్పొద్దు.
వేలిముద్రల కోసం వెతక్కండి,
వచ్చినవాళ్ళంతా ముందు అవే వెతుకుతారు.
లెక్కపెట్టండి. రాయండి. మూయండి.

ఆ డిసెంబరు వానకి
నీళ్ళు మోకాలి దాకా వచ్చి
కింది అరల్లో మూడు రోజులు కాపురం పెట్టాయట.
పై అరల వాళ్ళకేం కాలేదు.
ఎక్కడైనా అంతే కదా.
అరవై ఏళ్ళ కిందట ఎవరో ఊదా సిరాతో
గుండ్రంగా, ఓపిగ్గా రాసిన ఊళ్ళ పేర్లు
చీటీ వదిలి సంచి గుడ్డకెక్కి
మబ్బులయ్యాయి.
మిగిలినవి పురుగులు చదువుకున్నాయి.

సిగరెట్ డబ్బాలో పూసలు.
అగ్గిపెట్టెలో పన్ను.
మనిషిదా, మేకదా?
కథలొద్దన్నారు కదా, "పన్ను, ఒకటి" అని రాశాను.
పాలపొడి డబ్బాలో బూడిద.
దాన్నీ తూచాడు దేవసహాయం.
పద్దెనిమిది గ్రాములు.
ఒక పూట వంట కూడా కాదు.

మధ్యాహ్నం నా చేతికొచ్చిన సంచికి చీటీ లేదు.
నలుపూ ఎరుపూ కలిసిన పెంకులు నలభై ఒకటి,
అందులో ఒకటి మూతి అంచు,
ఒకటి గొట్టంలాంటి ముక్కు.
అరచేతిలో చల్లగా, బరువుగా,
ఏ ఊరూ చెప్పకుండా.
నస్రీన్ ఎం.ఏ. చదువుతోంది, తనకి తెలుసు.
"ఎక్కడ దొరికిందో పోతే, ఇక అది వట్టి మట్టే అక్కా."

నాకెందుకో కోపం వచ్చింది.

మా ఇంటిపేరు జమ్మికుదురు.
ఆ పేరుతో ఊరు మేమెరిగి ఎక్కడా లేదు.
మా తాత నెల్లూరు దాకా వెళ్ళి అడిగొచ్చాడు.
చింతాద్రిపేటలో ఏడు తరాలు,
మగ్గం గుంటలో, తర్వాత అచ్చాఫీసులో,
ఇప్పుడు మా తమ్ముడు ఆటోలో.
తెలుగువాళ్ళెవరు కలిసినా
మంచినీళ్ళిచ్చే లోపే అడుగుతారు, "మీదే ఊరండీ?"
మద్రాసంటే, "అది కాదు, అసలు ఊరు."
ఇక్కడివాళ్ళేమో ఇంట్లో మా మాట విని
అదే ప్రశ్న తమిళంలో అడుగుతారు.
మా మెడలో చీటీ ఉంది.
ఊరే కరిగిపోయింది.

"ఊరు" అన్న గడిలో "తెలియదు" అని రాయబోయాను.
మేడం నా భుజం మీంచి చూసి పెన్ను పట్టుకున్నారు.
తెలియనిది రాయకండి. తెలిసింది రాయండి.
మీకెక్కడ దొరికింది?
"ఇక్కడే, కింద."
అయితే అదే రాయండి.

రాశాను:
ఎగ్మోరు గోదాము, మూడో ర్యాక్, కింది అర,
ఎడమ నుంచి నాలుగోది.
తడిసిన గుర్తులున్నాయి.
పెంకులు నలభై ఒకటి. తీసినవారు, జ.
తేదీ వేశాను.

"ఇదీ ఒక ఊరేనా?" అని నస్రీన్ నవ్వింది.
దేవసహాయం తూచాడు.
హంసవేణి జిప్పు లాగింది, ఈసారి ఏమీ అనలేదు.

ఐదింటికి చేతులు కడుక్కున్నా
గోళ్ళ సందుల్లో ఎర్రగా కొంచెం మిగిలింది,
ఏ లెక్కలోకీ రానిది.
బస్సులో నా ఫోను మాటలు విన్న పక్కసీటు పెద్దాయన
ఆప్యాయంగా ఇటు తిరిగాడు.
ఏమడుగుతాడో నాకు తెలుసు.
లోపల్లోపలే సర్దుకున్నాను:
చింతాద్రిపేట, వంతెన దిగాక రెండో సందు,
కింది వాటా, తడిసిన గుర్తులున్నాయి.

ఆయన అడిగింది
సెంట్రల్ స్టేషన్ ఇంకెంత దూరమని.

రెండు స్టాపులు, అన్నాను.