అడ్డపొగ

మా మామ్మ దాలమ్మ చుట్టని తిరగేసి కాల్చేది.
నిప్పు నోట్లో, పీక బయట.
"కాలదా మామ్మా?" అంటే
నోరు తెరిచి అంగిట్లో తెల్లమచ్చ చూపించి నవ్వేది:
"ఓలె గుంటా, నిప్పు లోపలుంటే
సముద్రం గాలికి ఆరిపోదే."
ఆ మచ్చే పుండై, ఆమెని తీసుకుపోయింది.

కళింగపట్నం ఇసకలో
చేపలు ఎండబెట్టి మరిచిపోయేది, కాకులకి పండగ.
సగం అల్లిన వలలు చూరుకి వేలాడేవి,
ఏడు, నేను లెక్కపెట్టాను.
చుట్ట నోట్లో ఉన్నంతసేపే
ఒక ముడి తర్వాత ఇంకో ముడి పడేది.

ఇరవై ఆరేళ్ళ తర్వాత
శ్రీకాకుళం పెద్దాసుపత్రి, మూడో అంతస్తు.
డాక్టరు సౌదామిని
తెల్లకాగితం మీద మా ఇంటిని గీసింది.
మగాళ్ళకి గళ్ళు, ఆడాళ్ళకి సున్నాలు.
(మాకు సున్నాలేనా అని అడుగుదామనుకుని
అంతలోనే మరిచిపోయాను.)

"ఎవరెవరికి అలవాట్లున్నాయి?"
నాన్న ఆసిరయ్య, సారా.
నాలుగు పడవలు, రెండు లారీలు, ఒక ఇటికల బట్టీ,
ఎక్కడా ఏడాది నిలవలేదు.
చిన్నాన్న, బీడీలూ పేకాటా,
ఆ తర్వాత చెప్పుకోలేనివి.
మేనత్త గున్నమ్మ?
"ఏటీ లేదు. టీ కూడా తాగదు."
డాక్టరు పెన్ను కాసేపు ఆ సున్నా మీద ఆగి
దాన్ని ఖాళీగానే వదిలేసింది.
మిగతావి నల్లగా పూడ్చుకుంటూ వచ్చింది.
అడుగున ఒకటి మిగిలింది.
నా జేబులో ఖైనీ పొట్లం
నాకంటే ముందే జవాబు చెప్పేలా ఉంది.

నేను బస్సు కండక్టర్ని.
టిక్కెట్టు కొడతాను, చిల్లర మరుస్తాను.
చిల్లరిస్తాను, స్టాపు మరుస్తాను.
ఒకసారి నరసన్నపేటలో టీకి దిగి
బస్సునే మరిచిపోయాను,
పాపం అదే నాకోసం వెనక్కొచ్చింది.
డిపోలో "నిర్లచ్చం" అన్నారు.
అమ్మ బతికుండగా "బద్దకం" అంది.
సౌదామిని "అవధాన లోపం" అంది.
నాకు నవ్వొచ్చింది.
ఎనిమిది మంది ఎనిమిది వైపుల్నుంచి గంట కొడుతుంటే
ఒక్కటీ వదలకుండా వినేదాన్ని నేనే కదా,
లోపమెక్కడ?
ఏ పద్యమూ నాలుగో పాదం దాకా రాదు, అంతే.

అరచేతిలో ఆకు, సున్నం, బొటనవేలి రాపిడి.
పెదవి కింద పెట్టగానే
ఎనిమిది గంటల్లో ఏడు ఆగిపోయేవి.
పది రూపాయలకి అంత నిశ్శబ్దం
ఇంకెవరమ్ముతారు?

"రక్తంలోనే ఉందా?" అడిగాను.
"కొంత."
"ఎంత?"
"కొలిచి చెప్పలేను. ఒక్క జన్యువు కాదమ్మా, వందలు.
ఒక్కోటీ చిటికెడు."
చిటికెడు. పాన్‌షాపు వాడూ
మొదటిరోజు ఆ మాటే అన్నాడు.

తిరుగు బస్సు మడపాం వంతెన ఎక్కింది.
కింద వంశధార.
పదకొండేళ్ళుగా రోజుకి నాలుగుసార్లు దాటుతున్నాను,
పేరు ఇవాళే వినిపించింది.
ఒడిశా కొండల్లో ఎక్కడో పడ్డ చినుకు
మా మామ్మ ఇసక దాకా వస్తుంది.
దారిలో గొట్టా దగ్గర కాసిని నీళ్ళు
ఎవరి చేలోకో తిరుగుతాయి.
ఎందుకో గున్నమ్మత్త మొహం గుర్తొచ్చింది.
ఇద్దరు టిక్కెట్టు లేకుండా దిగిపోయారు.

ఇంట్లో మా గుంటడు
మూడో లెక్క సగంలో ఆపి బల్లిని చూస్తున్నాడు.
కాలు ఊగుతోంది, బల్ల ఊగుతోంది,
బల్ల మీద గ్లాసులో నీళ్ళు ఊగుతున్నాయి.
కొట్టడానికి లేచిన చెయ్యి, మా అమ్మది,
గాల్లో ఆగింది.

పొట్లం పారేశానని రాయాలనుంది.
పారెయ్యలేదు.
అటక మీద చింతపండు డబ్బా వెనక పెట్టాను,
ఎక్కడ పెట్టానో మరిచిపోతానని ఆశ.
ఇన్నాళ్ళకి నా మరుపుకి
ఒక ఉద్యోగం ఇచ్చాను.

వాడి పక్కన కూచుని
"మూడో లెక్కలో ఏటుందిరా?" అన్నాను.
"బల్లికి తోక మళ్ళీ మొలుస్తదా అమ్మా?"
మొలుస్తదన్నాను.
"పాత తోకలాగేనా?"
తెలీదు. ఇద్దరం చూస్తూ కూచున్నాం.
లెక్క అలాగే ఉంది.