కొట్టేసిన పేరు

పేటలో లెక్కల పుస్తకం రాసేవాణ్ని నేనే.
ఎర్ర అట్ట, నూట తొంభై రెండు పేజీలు,
ఉప్పుగాలికి అంచులు అప్పడాల్లా వంకర్లు తిరిగినవి.
సూరాడ దేవుడమ్మది ముప్పై నాలుగో వరస.
బాప్తిస్మం రోజున పాస్టరు కొత్త పేరు పెడతానంటే
"దేవుడమ్మ కంటే పెద్ద పేరు ఏటుంటాది బాబూ" అని
పాత పేరుతోనే నీళ్ళలోంచి లేచిందట.

పెద్దలు సావిట్లో కూర్చున్న రాత్రి
కొండ మీది లైటుహవుసు వెలుగు తిరిగి తిరిగి వచ్చి
ఒక్కొక్క మొహాన్నీ చూసి పోయింది.
ఎవరూ అరవలేదు.
మంచిగానే అడిగారు, అదే నాకిప్పటికీ గుర్తు:
పండగనాడు ఒక్క ఘటం నెత్తిన పెట్టుకో,
ఒక్క సాయంత్రం,
కడుపులో ఎవర్ని దాచుకున్నా మేం అడగం.

నెత్తి మీది కవ్వళ్ళ తట్ట దించకుండానే అంది:
"సేపని కొన్నప్పుడు మీరేటి సూత్తారు?
మొప్పెత్తి సూత్తారు.
పైన మెరుపుంటే సాలదు గదా.
నా మొప్పెత్తితే ఎవుడుంటాడో
ఆడే నా నోట్లోనూ ఉంటాడు.
మీ అమ్మోరిని నానొక్క మాటన్లేదు, అన్ను.
ఉత్తుత్తి ఘటమెత్తితే
ఆయమ్మకి కూడా అబద్ధం సెప్పినట్టే గదా."

కొట్టెయ్యరా, అన్నారు.
కొట్టేశాను.
స్కేలు పెట్టి మరీ, గీత వంకర పోకుండా.

మర్నాటి నుంచి ఆమెకి ఐసు లేదు, వాటా లేదు,
ఎండుచేపలకి ఇసకలో చాపెడు చోటు లేదు.
కుళాయి దగ్గర బిందెలన్నీ
ఆమె బిందెని గుర్తుపట్టడం మానేశాయి.
కొడుకు కొర్లయ్యని మరపడవ మీంచి దించేశారు,
వాడు రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోయాడు.
రేకుల ప్రార్థన షెడ్డు మీద ఓ రాత్రి రాళ్ళు పడ్డాయి.
విసిరిందెవరో నాకు తెలుసు.
వాళ్ళ పేర్లూ నా పుస్తకంలోనే ఉన్నాయి,
ఏ గీతా లేకుండా.
ఆ ఆదివారం పగిలిన రేకులోంచి ఎండ తిన్నగా దిగి
దేవుడమ్మ ఒళ్ళోని పాటల పుస్తకం మీద కూర్చుందని
మా ఆవిడ చెప్పింది.
నువ్వెందుకెళ్ళావని నేనడగలేదు.

ఆమె బండరాయిలా నిలబడిందని రాస్తే అబద్ధం.
హార్బరులో ఓ తెల్లారగట్ల, జట్టీ వెనక,
వలల కుప్పకి జారబడి
కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే చూశాను.
"సాల్లేదా నాయినా, ఇంకెన్నాల్లు" అంటోంది.
నాతో కాదు.
కాసేపటికి లేచి, ముక్కు చీది,
ఎవరో పారేసిన ఐసు ముక్కలు ఏరుకుంది.

శనివారం చీకటి పడ్డాక మా ఇంటికొచ్చింది.
గుమ్మం ఎక్కలేదు.
కొంగుముడి విప్పి మెట్టు మీద నూట యాభై పెట్టింది.
"తుపానప్పుడు తీసుకున్నది.
రెండు వేల మూడొందలుంది గదా,
వారానికింతే అవుద్ది."
నీ పేరే లేదు కదమ్మా,
ఏ వరసలో జమ వెయ్యను?
"పేరు కొట్టేసింది నువ్వు. అప్పు నాది."

తిడుతుందేమోనని నిలబడ్డాను.
నిజం చెప్పాలంటే, తిడితే బాగుణ్ణనుకున్నాను.
"ఆ బల్బు మార్సుకో బాబూ,
గుడ్డి దీపం కింద రాత్తే కళ్ళు పోతాయి"
అని వెళ్ళిపోయింది.

పదహారో శనివారం యాభయ్యే తెచ్చింది.
అప్పు తీరిన వాళ్ళ వరస కొట్టెయ్యడం పేట రివాజు.
కొట్టేసి ఉన్న పేరుని
మళ్ళీ ఎలా కొట్టేస్తారు?
పెన్ను మూత తీశాను, పెట్టాను, తీశాను.
అవతల మరపడవలు వేటకి బయల్దేరుతున్నాయి,
మా గోడలో ఇంజన్ల చప్పుడు.

పుస్తకం మూసి,
నా మొప్ప నేనే ఎత్తి చూసుకున్నాను.
నాలుగు రోజులు ఐసులో పెట్టి
ఇవాళ పట్టిందని అమ్మే చేప
రంగు.