నూగు

నేను కరెంటు పనోణ్ని.
చీరల దుకాణాలకు దీపాల దండలు కట్టిన చేతులివి.
పోయిన కార్తీకంల నాటకపోళ్లు పిలిచిన్రు:
మిల్లు బజార్ల పాత బేళ్ల గోదాం లేదా,
దానికి వైరింగ్ చెయ్యాలె, శనివారం ఆట.

తాళం చెవికి లొంగలే.
సుత్తెకు లొంగింది.
లోపల పావురాలు, మూడు కాళ్ల కుర్చీ,
గోడ మీద సున్నం కింద యూనియన్ ఎలక్షన్ గుర్తు,
లాంతరో, గంటో, సగం రాలిపోయింది.
స్విచ్ బోర్డు విప్పిన.
పింగాణీ ఫ్యూజుల సందుల
వేలెడు మందాన, తెల్లగ
దూది నూగు.

మిషిన్లను తుక్కు కింద తూకం ఏసిన్రు.
క్వార్టర్లు కూలగొట్టిన్రు.
ఇది మాత్రం ఎవరి లెక్కల రాలే.
నూగు నిప్పుకు చుట్టం, పనోనిగ నాకు తెల్సు.
ఊది పారేద్దామని నోరు తెరిచి
ఊదలే.
టిఫిన్ డబ్బల ఎత్తి పెట్టిన.

చేర్యాల దిక్కు నుంచి నీలవేణి వచ్చింది,
చింతగింజల పిండి, సుద్దమట్టి పట్టించిన బట్ట తెచ్చింది.
ఇంగిలీకం ఎరుపు మీద
దేవుళ్లకు బదులు జాబర్లు, డాఫర్లు,
లంచి గంటకు వేపచెట్టు కింద సద్ది మూటలు.
ముసలోళ్లు వచ్చి తప్పులు పట్టిన్రు.
"బిడ్డా, కండెల బుట్ట ఎడమ చంకకుంటది,
కుడి చెయ్యి దారం అతకాలె గద" అన్నడు గుండేటి ఓదెలు.
ఆమె చెరిపి మళ్ల గీసింది.
ఇప్పటికీ ఆ బుట్ట పక్కన చెరిపిన బుట్ట కనవడ్తది.
"మీసం జర పెద్దగ పెట్టు" అన్నడు బాబూమియా,
"అది నేనే అని నా మనుమరాలికి తెల్వాలె."

ఇగ కూత సంగతి.
ఆటకు మిల్లు కూత కావాలె, రికార్డు ఎవరి దగ్గర లేదు.
పాతోళ్లను వరసగ నిలవెట్టి
నోటితోటి ఊదమన్నడు డైరెక్టర్ పిలగాడు.
ఓదెలుది సన్నగ, పతంగి మాంజా లెక్క.
బాబూమియాది ఈనే బర్రె అరుపు.
ఒకాయన మూడుసార్లంటడు, ఒకాయన ఒక్కటే, పొడుగ్గంటడు.
కొట్లాటయింది. చాయ్ చల్లారింది.
వైండింగ్‌ల ఇరవై రెండేండ్లు చేసిన కొంరమ్మ
కూసున్న కాడనే అన్నది:
"కూత నేనెన్నడు సక్కగ ఇనలే.
దానికంటె ముందే లేస్తుంటి.
పొయ్యి ఊదుడు, పిలగాని దగ్గు,
ఎదురింటి సైకిల్ స్టాండు తన్నుడు,
నాకు గదే కూత."

పిలగాడు కాయితం మీద ఏదో కొట్టేసిండు.
ఆటల కూత లేదు.
చీకట్ల నలుగురు నాలుగు సైకిళ్ల స్టాండ్లు తన్నిన్రు,
టక్, టక్,
ముందు వరసల ఇద్దరు ముసలోళ్లు
లేవబోయి కూసున్నరు.

ఉక్కకు ఫ్యాన్లు ఏసిన, నాదే తప్పు.
వాసాల మీద ఇన్నేండ్లు పండుకున్న నూగు లేసింది.
పసుపు లైటుల మెల్లగ, మస్తు మెల్లగ దిగింది
జనం నెత్తుల మీద, పటం మీద, పెద్ద మీసం మీద.
హన్మకొండ కాలేజీ పిల్లలు
డైరెక్టర్ ఉపాయమనుకొని చప్పట్లు కొట్టిన్రు.
పాతోళ్లు తుమ్మిన్రు.

ఇప్పుడు ఆ బజారు రాత్రి పది దాకా మేల్కొంటది.
పాన్ డబ్బ పైగదిల పేరిణి అడుగుల చప్పుడు,
కొత్తవాడ ఆయన మగ్గం తెచ్చి జంపకానా నేసి చూపిస్తడు,
కాఫీ ఎనభై రూపాలు.
ఇరుకు గదుల కిరాయి గూడ పెరిగింది, అది ఎవరూ బోర్డు రాయలే.

ఆ రాత్రి ఆటయినంక
ఓదెలు తువ్వాల దులుపుకుంట నా కాడికొచ్చిండు.
"ఆట మంచిగున్నది. కూలెంత పడ్డది మనిషికి?"
చెప్పిన.
ఏళ్ల మీద లెక్క చూసుకొని ఊకున్నడు.
మళ్ల అన్నడు: "రేపు ఫ్యాను ఏసుడు గిట్ల పెట్టుకోకు.
సూడ అందంగనే ఉంటది.
నా ఎక్స్‌రేల గూడ గిట్లనే కనవడ్డది,
తెల్లగ, మెత్తగ."

ఆదివారం మూతికి గుడ్డ కట్టుకొని
నిచ్చెనేసి వాసాలన్ని దులిపిన.
బస్తన్నర అయింది.
బిల్లుల రాయలే.