కొసరు

పెరుంగుడిలో ఏడో అంతస్తు మీద
పనులకు బరువు కట్టడం నా ఉద్యోగం.
మా ఏజెంట్‌కి నడుం లేదు, నొప్పి తెలీదు.
ఏది ఎత్తొచ్చో, ఏది ముట్టుకోకూడదో
ముందే ఒక అంకె చెప్పాలి దానికి.
సున్నాకి దగ్గరైతే తనే చేసేస్తుంది,
ఒకటికి దగ్గరైతే ఆగి మనిషిని పిలుస్తుంది.

ఎన్ని మెట్లు, ఎన్ని తలుపులు తట్టాలి,
తప్పు జరిగితే వెనక్కి తిప్పగలమా,
మనకు తెలియనిది ఎంత:
నాలుగు గడులు, ఒక సూత్రం.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం దండగని
సెల్వకుమరన్‌కి తెలుగులో చెప్పి
తమిళంలో విడమరిచి
ఇంగ్లీషులో స్లైడు చేసింది నేనే.

మంగళవారం ఒక పని వచ్చింది.
కరెంటు మీటరు మీద పేరు మార్పు.
పాత పేరు కదిర్వేలు, కొత్త పేరు సెంబగవల్లి.
మెట్లు మూడు. తలుపు ఒకటి. వెనక్కి తిప్పొచ్చు.
బరువు: సున్నా పాయింట్ సున్నా ఆరు.
నాలుగు సెకన్లలో అయిపోయింది.
ఎక్కడా తప్పు లేదు.
ఉంటే బాగుండునని లాగ్ అంతా గాలించాను.

అదే ఫారం, అదే నంబరు.
పదకొండు నెలల్లో ఆరుసార్లు తెరిచి
చివరి బటన్ దాకా వచ్చి మూసేసింది.
ఒకసారి తెల్లవారుజామున మూడింటికి.
ఒకసారి పాత పేరు చెరిపేసి
ఆ గడిలో మళ్లీ అదే పేరు కొట్టి.

ఏడోసారిది మాత్రమే మా లెక్కలో పని.
ముందు ఆరూ వట్టి ట్రాఫిక్.

పోనీ, ఆగి అడిగుంటే?
'నిజంగా మార్చమంటారా?' అని
తనని తాను ఆరుసార్లు అడుక్కున్న మనిషిని
ఇంకోసారి అడగడమా?
ఆ నాలుగు సెకన్లే దయేమో.
తెలీదు.
ఐదో గడి గీశాను, పేరు పెట్టలేదు.
కొలమానం ఏంటన్నాడు సెల్వకుమరన్.
రేపు చెప్తానన్నాను.

సాయంత్రం స్టేషన్ మెట్ల కింద
చిత్తడి నేల వాసన, దాని మీద మల్లెపూల వాసన.
పూలావిడ లేదు, బుట్ట దగ్గర ఆమె మనవరాలు.
మూర అంటే వేలి కొస నుంచి మోచేయి దాకా,
ఆ చెయ్యేమో తొమ్మిదేళ్లది.
కొలిచింది.
నా మొహంలోకి చూసింది.
ఇంకో రెండు వేళ్ల మేర జరిపింది.
'అంతే ఎందుకు? ఎలా తెలిసింది?' అన్నాను.

పిల్ల దారం పంటితో తెంపి
చిల్లర ఉందా అని అడిగింది.