చిల్లర బాకీ

చీటీ ఎత్తింది షంషాదు.
బీరువా కొంటుందనుకున్నా.
డిపో క్యాంటీన్లో టీ గ్లాసు కింద రెండు కాగితాలు పెట్టి
"దూకుదాం పామే" అనింది,
పక్క స్టేజీ దాకా పొయ్యొద్దామన్నట్టు.

ఘాటెక్కినాక, పలమనేరుకు ఇవతల,
మల్బరీ తోటల వెనక
మూడ్రోజులకని చదును చేసిన ఎర్రమట్టి రన్‌వే.
ఇంట్లో ట్రైనింగని చెప్పొచ్చినాం.
అబద్ధమేం కాదు.
అరగంట ట్రైనింగిచ్చినారు:
నడుం విల్లులా వంచాల,
నేల దగ్గరికొస్తే మోకాళ్లెత్తాల.

ముందు తూకమేసినారు,
టమాటా బాక్సులు తూచే కాటా లాంటిదాని మీద.
"అరవై ఎనిమిదీ" అని అరిచినాడొకడు ఊరంతా వినపడేట్టు.
ఇన్నేళ్లూ మూటల్ని చూసి
"దీనికి లగేజీ కొట్టాలబ్బా" అన్నదాన్ని,
ఈపొద్దు కొడగు పిలగాడి రొమ్ముకు కట్టిన లగేజీ నేనే.
పొన్నప్పంట. మా చిన్నోడి ఈడు.
బెల్టులు బిగిస్తా "నొప్పా మేడమ్" అనడిగినాడు.
కుడి భుజాన, పద్నాలుగేళ్ల క్యాష్ బ్యాగు తవ్విన గాడిలో
బెల్టు తన సీటేదో తెలిసినట్టు కూర్చునింది.

విమానం మా పల్లెవెలుగులో సగం లేదు,
మోత మాత్రం రెండింతలు.
సీట్లు లేవు. ఆడోళ్లకు ఉచితం అంతకన్నా లేదు.
షంషాదు నా మోకాలు గిచ్చి ఏందో అనింది.
పెదాలు చూసి దువా అనుకున్నా.
తర్వాతడిగితే, "స్టవ్వాపినానా లేదా" అనిందంట.

తలుపు తీసినారు.

తలుపు దగ్గర నిలబడే బతికినదాన్ని.
"ఫుట్‌బోర్డు మీదొద్దు, లోపలికి జరగండి"
రోజుకు నూరుసార్లు.
ఇప్పుడు నా కాళ్లే బయట వేలాడతా ఉంటే
జరగమనే దిక్కు లేదు.
ముందు షంషాదు. తల తిప్పి చూసింది.
ఆ మొహం నేనెరుగుదును:
ఉద్యోగంలో మొదటి వారం, లెక్క నూటెనిమిది తక్కువొచ్చి
స్టాండు వెనక ఏడ్చినప్పటి మొహం.
అంతలోనే లేదు.
తలుపు నిండా ఉత్త వెలుతురు.

పడినామంటారు గానీ పడినట్టుండదు.
గంగజాతర రోజు బస్సులో
కాళ్లు నేలకానకుండానే
జనం మధ్య నిలబడుకోనుంటామే, అట్లుంటుంది.
గాలే జనం.
నోరు తెరిచినా. గాలి లోపలికొచ్చింది,
అరుపు బయటికి రాలేదు.
కింద, ఆవగింజంత షంషాదు.

గొడుగు విచ్చుకునింది, సడన్ బ్రేకేసినట్టు.
ఆ పైన ఎంత నిశ్శబ్దమంటే
పొన్నప్ప గుటకేసింది వినపడింది.
దూరాన మొగిలి ఘాటు,
మంచానికి విప్పి పారేసిన నవ్వారు మాదిరి.
దాని మీద పెసరగింజొకటి పాకుతా ఉంది.
గడియారం చూడకుండానే తెలిసింది,
మా పదీ నలభై.
అప్పుడు గుర్తొచ్చింది,
నా బదులెక్కినోడికి చెప్పనే లేదు:
నాలుగో మలుపులో కలేకాయల గంపతో అవ్వుంటుంది,
అది స్టేజీ కాదు, అయినా ఆపాల.

పెసరగింజ పోయింది. పోయింది.
ఆగింది.

అద్దాల లోపల కండ్లు తడిసినాయి.
తుడుచుకోను దారి లేదు.

షంషాదు శెనక్కాయ చేలో కూలబడి
హెల్మెట్టు తియ్యకుండానే నవ్వతా ఉంది.
"నువ్వరవనే లేదు మే. నీ వంతూ నేనే అరిస్తి."
బ్యాగులోంచి పాత టికెట్టు తీసి
చిల్లర లేనప్పుడు రాసిచ్చినట్టే
వెనకమాల రాసిచ్చింది:
అరుపు ఒకటి. బాకీ.
సంతకం కూడా పెట్టింది, దొంగముండ.

మర్నాడు అదే బండి, అదే ఘాటు.
నాలుగో మలుపులో అవ్వెక్కింది.
"నిన్న రాలేదేం పాపా?"
రాలేదని ఎట్ల చెప్పేది.
జీరో టికెట్టు కొట్టిచ్చినా.

ఐదో మలుపులో,
లోయంతా ఒక్కసారి కిటికీల్లోకొచ్చే చోట,
విజిలు నోట్లో పెట్టుకోని
ఊపిరున్నంతసేపూ ఊదినా.
చెంగల్రాయన్న బ్రేకు తొక్కినాడు.
బండంతా ముందుకూగి వెనక్కి పడింది.
అవ్వ గంపలోంచి నాలుగు కాయలు దొర్లినాయి.
"ఎవురమ్మా దిగేది, ఈడ?"

ఎవురూ లేదన్నా,
పోనీ.